నడిమింటి నీళ్ళు

నెట్టు పోతే ఉరవకొండలో మనుషులకు మొదట గుర్తొచ్చే పేరు విజయభాస్కర్‌ది. కరెంటు పోతే కాసేపు విసురుకుని ఊరుకుంటారు. నీళ్ళు రాకపోతే పంచాయతీని నాలుగు మాటలని ఊరుకుంటారు. నెట్టు పోతే మాత్రం ఊరుకునే ప్రశ్నే లేదు. విజయభాస్కర్‌కు ఫోన్ కొట్టి, ఆ నెట్టును అతనే వచ్చి ఎత్తుకుపోయినట్టు మాట్లాడతారు. అతను ఎదురు చెప్పడు. "వస్తాండా అన్నా" అని బండి తీస్తాడు.

నలభై దాటి నాలుగైదేళ్ళయిన మనిషి. మోకాళ్ళకు మాత్రం అరవై నిండాయి. ఇంటర్ తప్పిన ఏడాది కేబుల్ టీవీ వైర్లు లాగడానికి స్తంభాలెక్కాడు. ఆ ఎక్కడం దిగడంలోనే అవి అరిగాయి. కేబుల్ పోయి డిష్షులొచ్చాయి, ఇంటర్నెట్ సెంటర్లొచ్చాయి, అవీ మూతపడ్డాయి. చేతిలో వైరు మాత్రం పోలేదు. సొసైటీ ఆఫీసులో, బడుల్లో, మందుల షాపుల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం, అవి పలక్కపోతే పలికించడం, ఇదే బతుకైపోయింది. తరువాత ఇళ్ళలోకీ వైఫై డబ్బాలొచ్చాయి. ఆఫీసులకైతే ఆదివారం అనేది ఒకటుంటుంది, ఇళ్ళకు అదీ లేదు.

ఏ ఇంటికి పోయినా ముందు నెట్టు డబ్బా మీద చేయి వెనక్కి తిప్పి ఆనిస్తాడు, పిల్లలకు జ్వరం చూసినట్టు. తరువాత అడాప్టర్ వాసన చూస్తాడు. కమిలిన వాసనొస్తే పని సగం తీరినట్టే. లేకపోతే వైరును వేళ్ళతో తడుముకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి పోతాడు. ఈ పనిలో అతను చూడనిది లేదు. సొసైటీ ఆఫీసులో స్విచ్ విప్పితే లోపల బల్లి ఎండి ఉంది. ఒక బడిలో రోజూ మధ్యాహ్నం నెట్టు పోతోందంటే, ఆ వేళకు పంతులుగారు దాని ప్లగ్ పీకి తన ఫ్యానుకు పెట్టుకుంటున్నారు. ఇంకో ఇంట్లో దుమ్ము పడుతుందని డబ్బాకు ఊలుతో ముచ్చటగా గలేబు అల్లి తొడిగారు. పాపం అది లోపల ఉడికిపోయింది. ఇలాంటివి చూసి ఒకప్పుడు ఇంటికొచ్చి నవ్వుకుంటూ భార్యకు చెప్పేవాడు. ఇప్పుడు నవ్వడానికి కూడా ఓపిక కావాలి, అది లేదు.

ఇన్ని చూసినవాడికి బయమ్మ ఇంటి నెట్టు మాత్రం కొరకరాని కొయ్యైంది.

బయమ్మది ఉరవకొండకు ఇవతల, గాలిమరల కింద ఉన్న పల్లె. పాతకాలపు రాతి ఇల్లు. ముందు పడసాల, తరువాత నడిమిల్లు, దాని వెనక కోడలు నందిని గది. గోడలు మూరెడు మందం. ఒకప్పుడు శెనక్కాయలు అటక దాకా పేర్చిన ఇల్లే గాని, వరుసగా వానలు మొహం చాటేసి చేను ఏమీ ఇవ్వడం లేదు. బయమ్మ కొడుకు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంటిని నిలబెడుతున్నది నందిని ఉద్యోగం. బెంగళూరు కంపెనీ ఒకటి పెద్ద కంప్యూటర్ పంపింది. దాని ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎక్కడెక్కడి వాళ్ళకో కన్నడంలో, తెలుగులో జవాబులు చెబుతుంది. పక్కనే ఉయ్యాల్లో ఇంకా పాలు మరవని లహరి.

మొదటిసారి ఆ ఇంటికి పోయినప్పుడు బయమ్మ అరుగు మీద కూర్చుని అడిగింది. "ఏ ఊరప్పా మీది?"

"ఉరవకొండేనమ్మా."

"ఉరవకొండలో యాడ?"

"చర్చి వీధిలోమ్మా."

బయమ్మ వెనక్కి తిరిగి నడిమింటి వైపు చూసింది. తరువాత, "డబ్బా ఈ పడసాలలో పెట్టు. పిల్ల రూముకు పోవాలంటే ఇట్ల సుట్టు తిరిగి పెరటి పక్క నుంచి పో. నడిమింట్లోకి వద్దు, ఆడ నీళ్ళుండాయి" అంది.

మాటలో దురుసు లేదు. గడప ఎత్తుగా ఉంది చూసుకో అని చెప్పినంత మామూలుగా చెప్పింది. విజయభాస్కర్‌కు దానికి అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు. కోపం రాలేదా అంటే వచ్చింది. పాతికేళ్ళప్పుడైతే సంచి అక్కడే విసిరేసి వచ్చేవాడు. ఇప్పుడా కోపం కూడా మోకాళ్ళతో పాటే అరిగిపోయింది. చుట్టూ తిరిగే పోయాడు.

పడసాల గూట్లో డబ్బా పెట్టి, అక్కడి నుంచి నందిని గదికి వైరు వేయించాడు. నడిమింటి అటక మీద వైరు లాగే పని బయమ్మ కొడుకే చేశాడు. ఇతను వాకిట్లో నిలబడి "ఇంగ కొంచెం పైకన్నా" అని చెబుతూ ఉండిపోయాడు. శెనక్కాయల వాసనకు అలవాటుపడ్డ ఎలుకలు ఆ వైరును నెల తిరగకుండా కొరికేశాయి. ఇంకోటి వేస్తే అదీ కొరికేశాయి. విసిగిపోయి వైరు వద్దనుకున్నాడు. కంప్యూటర్‌కు వేలెడంత డాంగిల్ తగిలించి, గాలిలో వచ్చే సిగ్నల్ అందుకునేటట్టు చేశాడు. పడసాల గూడు, నడిమింటి తలుపులు, నందిని బల్ల ఒకే వరుసలో ఉన్నాయి కాబట్టి సిగ్నల్ నిండుగా అందింది. గాలిలో వచ్చేదాన్ని ఎలుకలేం కొరుకుతాయిలే అని నిశ్చింతగా ఇంటికొచ్చాడు.

ఆ నిశ్చింత ఎన్నాళ్ళో లేదు. నందిని ఫోన్ చేసేది. "అన్నా, మాట మధ్యలో తెగిపోతాంది. అవతల వాళ్ళకు నా గొంతు వినపడల్యా." తీరిక చూసుకుని పోతే అంతా బాగుండేది. సిగ్నల్ నిండుగా, డబ్బా చల్లగా, లైట్లన్నీ పచ్చగా. అడాప్టర్ మార్చాడు. డబ్బా మార్చాడు. డాంగిల్ మార్చాడు. లైను వాళ్ళతో పోట్లాడి స్తంభం మీది జాయింటు మళ్ళీ వేయించాడు. బాగుందని తిరిగొచ్చిన కొన్నాళ్ళకే మళ్ళీ ఫోను. బయమ్మ అతన్ని అరుగు మీద నుంచి ఎగాదిగా చూసేది. "ఏమప్పా, నువ్వొస్తే బాగుంటాది, నువ్వు పోతే పోతాది. నెట్టుకు నువ్వంటే భయమా ఏమి?" అనేది.

అందులో అబద్ధం లేదు, అదే అతని తల తినేస్తోంది. తెగిపోయి ఉన్నప్పుడు ఆ ఇంట్లో తను ఎందుకు లేడో అతను ఎప్పుడూ ఆలోచించలేదు. తాగునీళ్ళ పైపులైను మీది ఊళ్ళన్నిటికీ వారానికొక రోజు నీళ్ళొస్తాయి. ఉరవకొండ చర్చి వీధికీ, బయమ్మ పల్లెకూ ఒకే రోజు. ఆ రోజు ఎంత గొప్పవాడు పిలిచినా విజయభాస్కర్ కదలడు. భార్య కృపాకుమారితో కలిసి బిందెలు మోస్తాడు. మర్నాడు, ఆ మర్నాడు పేరుకుపోయిన పనులు. పల్లెకు పోయేసరికి ఎప్పుడూ వారం సగం గడిచిపోయేది.

ఈసారి నందిని ఫోన్‌లో ఏడ్చింది. కంపెనీ వాళ్ళు ఆఖరి మాట చెప్పేశారు. కాల్స్ ఇంకా ఇట్లాగే తెగుతుంటే ఇంటి నుంచి పని కుదరదు, బెంగళూరు వచ్చి ఆఫీసులో కూర్చోవాలి. "హాస్టల్లో చంటిపిల్లను పెట్టుకోనీరన్నా. దీన్ని ఇడిసిపెట్టి పోవాల్సొస్తాది. పోకుంటే ఇల్లు జరగదు. శనివారం మధ్యాన్నం నుంచి మా మేనేజర్ నా కాల్స్ కూర్చోని వింటాదంట."

శనివారం నీళ్ళ రోజు.

ఆ రోజు పొద్దున కృపాకుమారి, అతను నీళ్ళు పట్టడం ముగించారు. వాళ్ళ ఇల్లు రెండు గదులే. నీళ్ళ డ్రమ్ములు వంటింటి వాకిట్లోనే, వాటి మూతల మీద బిందెలు. కృపాకుమారి పొయ్యి దగ్గర ఫోన్ పెట్టుకుని ప్రార్థన పాటలు వింటోంది. పాట ఆగింది. మళ్ళీ మొదలై మళ్ళీ ఆగింది.

"ఊరికంతా నెట్టు బాగు చేస్తావు గాని, నీళ్ళొచ్చిన దినం మన వంటింట్లోకే నెట్టు రాదు గదా" అంది విసుగ్గా.

"ఫోన్ పాతదైపోయినాదిలే."

"మిగతా దినాల్లో కొత్తదైతాదా?"

చేతిలోని చెంబు కింద పెట్టాడు. తన ఫోన్ తీసుకుని డ్రమ్ములకు ఇవతల నిలబడ్డాడు, సిగ్నల్ నిండుగా ఉంది. డ్రమ్ములు దాటి పొయ్యి పక్కకు పోయాడు, పడిపోయింది. ఇవతలికి, అవతలికి పిచ్చివాడిలా తిరిగాడు. నిండిన నీళ్ళు సిగ్నల్‌ను మింగేస్తాయని అతనికి తెలియక కాదు. ఎప్పుడో విన్నదే. కానీ నీళ్ళ డ్రమ్ములను అడ్డం అనుకోవడం ఈ సీమలో పుట్టినవాడికి ఎలా తోస్తుంది? ప్రతి ఇంట్లోనూ అవి గోడలతో పాటు ఉంటాయి. పైగా బయమ్మ ఇంట్లో డబ్బాకూ కంప్యూటర్‌కూ మధ్యలో ఏముందో అతను ఏనాడూ కళ్ళతో చూడలేదు. చూడనివ్వలేదు, అతను వస్తే ఆ తలుపు దగ్గరగా వేసేవాళ్ళు.

తడి బట్టలతోనే బండి తీశాడు.

బయమ్మ అరుగు మీద లహరిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపలి నుంచి నందిని గొంతు వినిపిస్తోంది. "హలో... హలో... కేళిస్తిదెయా సార్?" వినిపిస్తోందా అని కన్నడంలో అడుగుతోంది. మళ్ళీ "హలో."

"నడిమింట్లో ఏముండాదమ్మా?" అన్నాడు వచ్చీ రాగానే.

"ఏముంటాది, నీళ్ళుండాయి. ఇప్పుడే పట్టి ఎత్తిపెడితిమి."

నీళ్ళు మోసిన తలుపు ఇంకా తెరిచే ఉంది. పడసాలలోకి పోయి నడిమింటి గడప ఇవతల ఆగి లోపలికి చూశాడు. నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు, కింద కొళాయిలు బిగించినవి, ఈ తలుపుకూ ఆ తలుపుకూ మధ్య వరుసగా ఉన్నాయి. వాటి మూతల మీద నిండు బిందెలు, ఛాతీ ఎత్తుకు. గోడలకన్నా దిట్టంగా ఉంది ఆ నీళ్ళ అడ్డం. తను మార్చిన అడాప్టర్లూ డబ్బాలూ అన్నీ గుర్తొచ్చాయి.

"ఇదేనమ్మా తెగేది. నెట్టు గాల్లో పోతాది గదా, నిండిన నీళ్ళను దాటుకోని పోలేదు."

బయమ్మ నమ్మలేదు. "నీళ్ళు నెట్టును తాగుతాయా?"

"తాగుతాయమ్మా."

లోపల నందిని మళ్ళీ "హలో" అంది. డబ్బానే కదిలిద్దామా అని చూశాడు. ఫైబర్ వైరు జానెడు కూడా మిగల్లేదు. పీకితే ఉన్న కాల్ కూడా పోతుంది. "పైనున్న బిందెలన్నా దించితే..." అంటూ తొందరలో గడప మీద కాలు పెట్టాడు.

బయమ్మ పిల్లను చంకనేసుకుని వచ్చి ద్వారబంధానికి చేయి అడ్డం పెట్టింది. "నువ్వు తాకద్దప్పా. తాగే నీళ్ళవి."

అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. ఇన్నాళ్ళూ చుట్టూ తిరిగి పోయినప్పుడు ఇంత బాధ కలగలేదు. తన కోసం కాదు గదా తను కాలు పెట్టింది.

"షాపుకు పోయి పైపు, వైరు తెస్తానమ్మా. పైపులో వైరేసి బయట గోడ మీద నుంచి తిప్పుతా. ఎలకలకూ భయం లేదు, నడిమింటి జోలికీ రాను" అని బండెక్కాడు.

షాపులో సరైన పైపు దొరకలేదు. ఇంకో షాపు తిరిగి, పైపులు బండికి అడ్డంగా కట్టుకుని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వీధి మొదట్లోనే బండి చక్రం జారింది. కిందికి చూస్తే నేల తడి. బయమ్మ గడప మీద నుంచి నీళ్ళు వస్తున్నాయి. మెట్ల మీద నుంచి దిగి, ఎర్రమట్టిని కోసుకుంటూ వీధంతా పారుతున్నాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. పట్టుకుందామన్నా ఎవరి దగ్గరా ఖాళీ బిందె లేదు, నీళ్ళ రోజు కదా. "ఏమే బయమ్మా, తిక్క గాని పట్టిందా నీకు!" అని ఎవరో అరుస్తున్నారు.

బయమ్మ అరుగు మీద కూర్చుంది. మోకాళ్ళ దాకా చీర తడిసి ఉంది. బిందెలన్నీ పెరట్లోకి మోసి, డ్రమ్ముల కొళాయిలన్నీ తిప్పి వదిలేసింది. లహరి ఆ నీళ్ళలో కూర్చుని రెండు చేతులతో తపతపా కొడుతోంది. లోపల నందిని కన్నడంలో ఆగకుండా మాట్లాడుతోంది. ఎక్కడా హలో అనడం లేదు.

"సూడు, తెగల్యా" అంది బయమ్మ. "నీళ్ళు సగానికి దిగినప్పటి నుంచి తెగల్యా."

"ఏమిటికమ్మా ఇంత పని చేస్తివి? వైరు తెస్తానంటి గదా."

"నువ్వొచ్చేలోపల ఆ మేనేజరమ్మ రమ్మంటే? ఈ పిల్ల వాళ్ళమ్మ లేకుంటే నా దగ్గర పండుకోదప్పా." పారే నీళ్ళను చూస్తూ, "నీళ్ళు మళ్ళా శనివారానికన్నా వస్తాయి" అంది.

విజయభాస్కర్ మెట్టు మీదే కూలబడ్డాడు. ఒక్క బిందె నీళ్ళ కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకునే ఊళ్ళు ఇవి. పళ్ళెం కడిగిన నీళ్ళు కూడా చెట్టుకు పోస్తారు. అలాంటిది వారం నీళ్ళు వీధిపాలు చేసింది. తనను లోపలికి రానిచ్చి ఉంటే ఆ బిందెలు దించడం ఎంతసేపు, డ్రమ్ములను కాస్త పక్కకు జరపడం ఎంతసేపు? కోడలి కోసం పారబోసిందా, తను తాకిన నీళ్ళు తాగడం కన్నా పారబోయడమే మేలనుకుందా? అడగాలనిపించింది. అడిగితే ఏ జవాబొచ్చినా మోయలేననిపించింది. లేచి పైపులు విప్పుకున్నాడు.

పొద్దు వాలేదాకా గోడకు కొక్కీలు కొట్టి, పైపు బిగించి, వైరు లాగి, నందిని కంప్యూటర్‌కు తగిలించాడు. ఆమె డ్యూటీ దిగి వచ్చి, "ఒప్పుకున్నారన్నా. ఇంటి నుంచే చేసుకొమ్మన్నారు" అంది. అప్పుడు వీధి చూసింది. అత్త తడిసిన చీర చూసింది. పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది.

ఇంటికొచ్చి కృపాకుమారికి అన్నీ చెప్పాడు. ఆమె అన్నం పెడుతూ విన్నది. నువ్వు తాకద్దప్పా అన్న చోట గరిటె ఆగింది, మళ్ళీ కదిలింది.

మర్నాడు పొద్దున అతను లేచేసరికి బండికి రెండు వైపులా నీళ్ళ క్యాన్లు కట్టి ఉన్నాయి. కృపాకుమారి తాళ్ళు బిగిస్తోంది.

"మన నీళ్ళు ఆ యమ్మ పట్టుకుంటాదా?" అన్నాడు.

"పట్టుకుంటే పట్టుకోనీ, లేకుంటే మానీ. ఆ ఇంట్లో చంటిపిల్ల ఉండాది గదా. పో, ఎండ పడేలోపల రా."

దారి పొడుగునా క్యాన్లు బండిని ఊపుతూనే ఉన్నాయి. వెనక్కి తిరిగి పోదామని ఎన్నిసార్లనుకున్నాడో. వద్దు తీసుకుపో అంటే ఏం చేయాలి? నవ్వుతూ తిరిగి రావాలా, అక్కడే పారబోసి రావాలా? ఇలాంటివి తేల్చుకునే వయసు కాదిది, ఓపిక కాదిది.

బయమ్మ అరుగు మీదే ఉంది. క్యాన్లను చూసింది. అతన్ని చూసింది.

"మీ ఇంటివేనా?"

"మా ఇంటివేనమ్మా."

గడప లోపల నందిని పిల్లను ఎత్తుకుని నిలబడింది. అత్త ఏమంటుందోనని ఆమె మొహమే చూస్తోంది. వీధిలో నిన్నటి నీళ్ళ జాడ ఎండి, మట్టి పెచ్చులు లేచి ఉంది. బయమ్మ దాని వైపే చూస్తూ కూర్చుంది. అతను బండి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మోకాళ్ళు లాగుతున్నాయి.

"ఈడ దించితే నాకు లోపలికి ఎత్తుకోని పోయేకి శాతగాదప్పా" అంది చివరికి. "నువ్వే తెచ్చి పొయ్యి."

అతను చెప్పులు విడిచాడు. క్యాను భుజానికెత్తుకుని పడసాల దాటాడు, నడిమింటి గడప దాటాడు. లోపల చల్లగా, చీకటిగా ఉంది. ఇన్నాళ్ళూ తను చుట్టూ తిరిగింది ఈ చిన్న గది చుట్టూనా అనిపించింది. ఇంత చిన్న మాట ఆమె నోటి నుంచి రావడానికి అన్ని నీళ్ళు పారాల్సి వచ్చిందే అని ఏడుపొచ్చినంత పనైంది. డ్రమ్ము మూత తీసి పోశాడు. ఖాళీ డ్రమ్ములో నీళ్ళు పెద్దగా చప్పుడు చేశాయి. రెండో క్యాను తెచ్చి అదీ పోశాడు.

బయమ్మ గడప దగ్గరకొచ్చి నిలబడింది. "ఈ నీళ్ళు నిండితే మళ్ళా తెగదు గదా?"

"తెగదమ్మా. వైరేసినా గదా, ఇంగ నీళ్ళతో పని లేదు."

ఖాళీ క్యాన్లు పట్టుకుని, అలవాటు కొద్దీ నందిని గది వైపు, పెరటి దారికి తిరిగాడు.

"ఆ పక్క యాడికప్పా పోతావు?" అంది బయమ్మ. "బండి ఈ పక్కుంటే."